గంటల లెక్కన షాపులో పని: అపోహలు, వాస్తవాలు

నేను విజయనగరంలో ఒక సూపర్ మార్కెట్‌లో బిల్లింగ్ కౌంటర్‌లో చేస్తున్నాను. ముందు సాయంత్రం పూట గంటల లెక్కన పార్ట్ టైమ్ చేసేదాన్ని, ఇప్పుడు ఫుల్ షిఫ్ట్, కొత్తగా చేరినోళ్లకి కౌంటర్ పని నేర్పేది కూడా నేనే. చేరడానికొచ్చే పిల్లలు, వాళ్లని దింపడానికొచ్చే అమ్మానాన్నలు, రోజూ బిల్లుకొచ్చే జనం, అందరూ మా పని గురించి ఏవో మాటలు అంటూనే ఉంటారు. అందులో చాలా మటుకు నిజం కాదు. ఊరికే మాటలైతే వదిలీయొచ్చు గానీ, వీటిని నమ్మి పిల్లలు చేసిన పనికి డబ్బులు వదులుకుంటున్నారు, అది చూడలేక ఇది రాస్తున్నాను.

అపోహ: గంటకి ఇంత అన్నారంటే, ఎన్ని గంటలు చేస్తే అన్ని గంటలకీ డబ్బులొస్తాయి

రేటు దగ్గర ఎవరూ మోసపోరు, చేరేరోజే అడిగీస్తారు గంటకి ఎంతని. పోయేదంతా షిఫ్ట్‌కి ముందు కొన్ని నిమిషాలు, తర్వాత కొన్ని నిమిషాలు, అక్కడ పోతుంది. నేను ఇంతకుముందు చేసిన ఒక షాపులో అయిదింటికి షిఫ్ట్ అంటే నాలుగూ నలభైకే రమ్మనేవారు, యూనిఫాం మార్చుకుని, జడ బిగించుకుని, బ్రీఫింగ్‌లో నిలబడి ఈరోజు ఏ ఆఫర్ ఉందో విని, అప్పుడు వెళ్లి వేలు పెట్టి పంచ్ కొట్టాలి. రాత్రి తొమ్మిదిన్నరకి షట్టర్ సగం దించీసి "అందరూ పంచ్ కొట్టీండి" అనేవారు. కొట్టీసాక అసలు పని మొదలు.

ఆ పని ఏటో చూసినోళ్లు తక్కువ కాబట్టి చెప్తాను. సొరుగు మొత్తం బయటకి లాగి 500 నోట్లు ఒక పక్క, 200లు ఒక పక్క, వందలు ఒక పక్క పెట్టుకుంటాం, చిరిగిన పది రూపాయల నోట్లు విడిగా, అయిదు రూపాయల బిళ్లలు పదేసి పేర్చుకుంటాం. షిఫ్ట్ మొదట్లో చిల్లర కోసం ఇచ్చిన డబ్బు, ఫ్లోట్ అంటాం, అందులోంచి తీసీయాలి. కార్డు మెషీన్ సెటిల్‌మెంట్ స్లిప్, యూపీఐ మొత్తం, రిటర్న్ బిల్లులు, క్యాన్సిల్ చేసిన ప్రతి బిల్లు మీదా ఇన్‌చార్జి సంతకం, ఇవన్నీ కలిపితే సిస్టమ్ చూపించిన లెక్కతో సరిపోవాలి. ఇరవై రూపాయలు తేడా వచ్చినా మళ్లీ మొదటి నుంచి లెక్కే. ఈలోగా ఫ్లోర్ మీదోళ్లు జనం ఎక్కడపడితే అక్కడ వదిలీసిన సరుకు ఏరుతుంటారు, చిప్స్ అరలో పెరుగు ప్యాకెట్ దొరికిందంటే దాన్ని తిరిగి ఫ్రిజ్‌లో పెట్టకూడదు, ఎంతసేపు బయట ఉందో తెలీదు కదా, పాడైన సరుకు కింద డంప్‌లో రాయాలి. ఇదంతా అయ్యేసరికి పదింపావు. పంచ్ మాత్రం తొమ్మిదిన్నర.

వాస్తవం ఏటంటే షాపు వాళ్లు రమ్మన్న టైము నుంచి పొమ్మన్న టైము వరకూ పనే, బ్రీఫింగ్ పనే, క్యాష్ టాలీ పనే. 2025 నవంబర్ 21 నుంచి వేతనాల కోడ్ అనే కేంద్ర చట్టం అమల్లో ఉంది, అందులో కనీస వేతనం నెలకీ రోజుకీ మాత్రమే కాదు గంట లెక్కన కూడా నిర్ణయించొచ్చని ఉంది, మామూలు పనిగంటలు దాటితే ఓవర్‌టైమ్‌కి మామూలు రేటుకి రెట్టింపు కంటే తగ్గకూడదని ఉంది. మన ఆంధ్రా షాపుల చట్టం 1988 నుంచీ ఉంది, అందులో వారానికి 48 గంటలు, వారంలో ఒక పూర్తి రోజు సెలవు. వీక్ ఆఫ్ అనేది మేనేజరు దయ తలచి ఇచ్చేది కాదు.

ఇంకొకటి, ఇది అందరికీ చెప్పండి. పది నిమిషాలు లేటైతే అరగంట కట్, మూడుసార్లు లేటైతే ఒకరోజు కట్ అని గోడ మీద అంటిస్తారు చూడండి, అది చెల్లదు. ఎంతసేపు పనిలో లేమో అంతసేపటికే కోయాలి, అంతకంటే ఎక్కువ కోయకూడదు. ఇది కొత్తగా వచ్చిన రూలు కూడా కాదు, 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలోనే ఉండేది.

అందుకే నేను మా కొత్త పిల్లలకి మొదటిరోజు బార్‌కోడ్ కంటే ముందు నేర్పేది ఇదే: ఒక చిన్న డైరీ పెట్టుకో, వచ్చిన టైము వెళ్లిన టైము నీ చేత్తో రాసుకో, పంచ్ టైము పక్కన రాసుకో. నెలాఖరుకి ఆ రెండు వరసలూ కూడి చూస్తే ఎవరికి వాళ్లకే తెలుస్తుంది.

అపోహ: బిల్లింగ్ అంటే ఏముంది, బీప్ బీప్ అనిపించడమే

ఇది రోజూ వింటాం. "ఏటమ్మా, గీకడానికి ఇంతసేపా?" అని. గీకడం నిజంగానే సులువు, గీకలేని సరుకుతోనే తంటా. లూజు కౌంటర్‌లో మినపగుళ్లకి ఒక కోడు, తొక్కు మినపప్పుకి ఒక కోడు, జీలకర్రకీ సోంపుకీ వేరు, చూడ్డానికి ఒకలాగే ఉండే రవ్వలు రెండు మూడు రకాలు, తూకం దగ్గర తప్పు స్టిక్కర్ అంటిస్తే అది నా దగ్గర పట్టుబడాలి. పండగ ముందు లైన్ వెనక్కి పదిహేను మంది ఉన్నప్పుడు కూడా 500 నోటు వంచి చూడాలి, దారం ఆకుపచ్చ నుంచి నీలం రంగుకి మారాలి, మారకపోతే పెద్దాయన మొహం చిన్నబోకుండా "బాబూ ఇంకో నోటు ఉంటే ఇవ్వండి" అనాలి. యూపీఐ అయితే ఫోన్‌లో వాళ్లు చూపించిన స్క్రీన్ చూసి పంపీకూడదు, మా మెషీన్‌లో పడిందో లేదో చూడాలి. చంటిపిల్లతో వచ్చినావిడ ముందుకి రావచ్చా అని అడుగుతుంది, వెనకున్నాయన అరుస్తాడు, ఇద్దరికీ సర్ది చెప్తూ అంకె తప్పకుండా కొట్టాలి. ఇది నేర్చుకున్న పని, ఒక్క రోజులో రాదు.

చదువు అబ్బనోళ్లే ఈ పనిలోకి వస్తారనే మాట కూడా ఇక్కడే చెప్పీస్తాను. మా దగ్గర డిగ్రీ చదువుతూ సాయంత్రం చేసేవాళ్లున్నారు, బీటెక్ అయిపోయి గ్రూప్స్‌కి చదువుకుంటూ చేసేవాళ్లున్నారు, పిల్లలు పెద్దోళ్లయ్యాక పనిలోకొచ్చిన పిన్నులున్నారు. పిన్నులు లెక్కలో మా అందరికంటే ఫాస్ట్.

అపోహ: రేటు తేడా వస్తే బిల్లింగ్ అమ్మాయి మోసం చేసినట్టే

రేటు నా చేతిలో లేదు. అది హెడ్ ఆఫీసు నుంచి సిస్టమ్‌లోకి వస్తుంది, అర మీద కాగితం ట్యాగ్ ఫ్లోర్ వాళ్లు మారుస్తారు, ఈ రెండింటి మధ్యన ఒక రాత్రి ఆలస్యం అయిందంటే పొద్దున్న గొడవ నా దగ్గర. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ తగ్గింది కదా, సరిగ్గా దసరా నవరాత్రులు మొదలైన రోజు. సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టులు 18 శాతం నుంచి 5కి, నెయ్యి, వెన్న 12 నుంచి 5కి. ప్యాకెట్ల మీద పాత ఎంఆర్‌పీ అచ్చయ్యి ఉంది, కంప్యూటర్‌లో కొత్త రేటు పడుతోంది. "టీవీలో తగ్గిందన్నారు, దీని మీద పాత రేటే ఉందేటమ్మా?" అని ప్రతి ఒక్కరూ అడిగేవారు, ప్రతి ఒక్కరికీ బిల్లు తిప్పి చూపించాను, ఇదిగో ప్యాకెట్ మీద ఇంత, మీకు పడింది ఇంత అని. అడగడం తప్పు కాదు, అడగాలి కూడా. ఎంఆర్‌పీ కంటే ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోకూడదు, తీసుకుంటే 1915కి ఫోన్ చేయండి, అది వినియోగదారుల హెల్ప్‌లైన్. కౌంటర్‌లో ఉన్నవాళ్లని దొంగ అని మాత్రం అనకండి.

ఫోన్ నంబర్ ఇవ్వకపోతే బిల్లు రాదనుకునేవాళ్లు కూడా ఉన్నారు. వస్తుంది. నంబర్ కోసం బలవంతపెట్టొద్దని 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల శాఖే షాపులకి చెప్పింది. మేం అడిగేది మాకు రోజుకి ఇన్ని నంబర్లని టార్గెట్ పెడతారు కాబట్టి. ఇష్టం లేకపోతే వద్దనండి, మాకేం కోపం రాదు. బార్‌కోడ్ 890తో మొదలైతే మన దేశంలో తయారైందని కొందరు వెతుకుతుంటారు, అదీ నిజం కాదు, ఆ కంపెనీ ఇండియాలో బార్‌కోడ్ రిజిస్టర్ చేయించుకుందని మాత్రమే.

అపోహ: షార్టేజీ వస్తే స్టాఫే కట్టుకోవాలి

స్టాక్ టేక్, అంటే షాపులో సరుకంతా లెక్కపెట్టడం, అయిన మర్నాడు సెక్షన్ మొత్తానికి ఇంత తగ్గింది, అందరూ పంచుకోండి అంటారు, పిల్లలు నోరెత్తకుండా ఒప్పుకుంటారు, ఎందుకంటే ఒప్పుకోకపోతే తామే దొంగతనం చేశారనుకుంటారేమోనని భయం. ఇది నాకు మిగతా అన్నిటికంటే బాధ అనిపించే విషయం. గంటకి గంట పోగేసుకున్న డబ్బు, ఎవరో ఎక్కడో పట్టుకుపోయిన షాంపూ సీసా కింద పోతుంది.

చట్టం చెప్పేది ఇది. ఒక మనిషికి ప్రత్యేకంగా అప్పగించిన సరుకు గానీ, ఆ మనిషి లెక్క చెప్పాల్సిన డబ్బు గానీ, నేరుగా ఆ మనిషి నిర్లక్ష్యం వల్ల పోతేనే కోయొచ్చు. అదీ ముందు సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇచ్చాకే, పోయినదాని విలువకి మించకుండా. అంటే నా సొరుగులో నా వల్ల తగ్గిన డబ్బు గురించి నన్ను అడగొచ్చు. పది మంది తిరిగే ఫ్లోర్‌లో, రోజూ వందల మంది ముట్టుకునే అరల్లో తగ్గిన సరుకుని మా అందరి జీతాల మీద తలా ఇంత అని వేయకూడదు. ఏ కోత ఎన్ని కలిసినా ఆ నెల జీతంలో సగానికి మించకూడదు, ఫైన్ అని వేస్తే ఆ నెల జీతంలో 3 శాతం దాటకూడదు. తెల్ల కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టకండి. ఎందుకు కోస్తున్నారో రాసివ్వమని అడగండి, నెమ్మదిగానే అడగండి.

అపోహ: కూర్చుంటే బద్ధకం, కస్టమర్‌కి మర్యాద తక్కువ

కూర్చుని కొట్టినా బిల్లు అదే బిల్లు. ఎనిమిది గంటలు నిలబడితే మడమ నొప్పి వస్తుంది, కాళ్లలో నరాలు ఉబ్బుతాయి, సాయంత్రానికి చెప్పు బిగుతైపోతుంది. ఆడపిల్లలైతే బాత్రూమ్‌కి వెళ్లాలంటే ఇన్‌చార్జిని అడగాలని నీళ్లే మానేస్తారు, యూరిన్ ఇన్‌ఫెక్షన్లు తెచ్చుకుంటారు. కేరళలో కోజికోడ్ షాపుల్లో పనిచేసే ఆడవాళ్లని కూడగట్టి పి. విజి అనే ఆవిడ దీని మీదే పోరాడారు, ఆవిడ స్వయంగా కుట్టుపని నుంచి వచ్చిన మనిషే. 2018లో కేరళ చట్టం మార్చి కూర్చునే హక్కు ఇచ్చింది, 2021లో తమిళనాడు ఇచ్చింది. ఇప్పుడు దేశం మొత్తానికి వచ్చిన పని భద్రత కోడ్‌లో కూడా నిలబడి చేసేవాళ్లకి కూర్చునే ఏర్పాటు ఉండాలనే మాట ఉంది. మా షాపులో కౌంటర్ వెనక స్టూళ్లు వేయించమని అడిగాం, రెండు వచ్చాయి, వంతులు వేసుకుంటున్నాం. మీరు బిల్లుకొచ్చినప్పుడు కౌంటర్‌లో అమ్మాయి కూర్చుని ఉంటే ఏమీ అనుకోకండి తల్లీ.

అపోహ: పార్ట్ టైమ్ వాళ్లకి ఈఎస్ఐ, పీఎఫ్ ఉండవు

షాపుకి ఆ చట్టాలు వర్తిస్తే పార్ట్ టైమ్ వాళ్లకీ వర్తిస్తాయి, గంటలు తక్కువని తీసీయడానికి లేదు. ఈఎస్ఐకి జీతం నెలకి 21,000 లోపు ఉండాలి, మన వంతు 0.75 శాతం, షాపు వంతు 3.25. పీఎఫ్ అయితే మన వంతు 12 శాతం, యూఏఎన్ అని మన పీఎఫ్ నంబర్ ఒకటే ఉంటుంది, షాపు మారినా అదే. కోస్తున్నారు సరే, కడుతున్నారా అన్నది ఫోన్‌లో పాస్‌బుక్ తీసి చూసుకోండి. ఈఎస్ఐ సరిపడా రోజులు కట్టి ఉంటే జబ్బు చేసినప్పుడు జీతంలో 70 శాతం ఏడాదికి 91 రోజుల వరకూ, కాన్పుకి 26 వారాలు డబ్బు ఇస్తారు, ఇది మన డబ్బే. ఒక్క సంగతి గుర్తుంచుకోండి, షాంపూల దగ్గర నిలబడి చెప్పే అమ్మాయి మా స్టాఫ్ కాదు, కంపెనీ ప్రమోటర్, గేటు దగ్గర సెక్యూరిటీ అన్నయ్య ఏజెన్సీ మనిషి. ఒకే షాపులో నిలబడ్డా జీతం ఇచ్చేది వేరే వేరే వాళ్లు, చేరేముందు మీ అపాయింట్‌మెంట్ లెటర్ మీద ఎవరి పేరు ఉందో చూసుకోండి.

అపోహ: సాయంత్రం నాలుగు గంటల పని, ఆడపిల్లలకి సులువు

పని నాలుగు గంటలు, ఇంటికి చేరడం ఇంకో పని. నెల్లిమర్ల వైపు, గజపతినగరం వైపు నుంచి వచ్చే పిల్లలకి ఆటో ఛార్జీకే ఒక గంట కూలి పోయేది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు, ఆ డబ్బు ఇప్పుడు ఇంటికి వెళ్తోంది, ఎంత మేలో చేసేవాళ్లకే తెలుసు. కానీ పంచ్ తర్వాత ముప్పావు గంట ఉంచీసారంటే ఆఖరి బస్సు తప్పుతుంది, బస్ కాంప్లెక్స్ దగ్గర ఒంటరిగా నిలబడాలి, ఫ్రీ బస్సు ఉండీ ఆటోకి డబ్బులు పెట్టాలి. పైడితల్లమ్మ పండగకి తొలేళ్లు, సిరిమాను రోజుల్లో అయితే ఊళ్లో మూడు లాంతర్ల సెంటర్ వైపు బళ్లు కదలవు, షాపులో రద్దీ, బయటా రద్దీ. ఆ రెండ్రోజులకి ఎవరు ఎలా ఇంటికెళ్తారో మేం ముందే ఇన్‌చార్జితో కూర్చుని రాయించుకుంటున్నాం, దూరం వాళ్లని పెందలాడే వదలాలని.

అపోహ: మధ్యలో మానేస్తే ఆ నెల జీతం పోయినట్టే

పోదు. మానేసినా, వాళ్లే తీసీసినా, చేసిన రోజులకి రావాల్సింది రెండు పనిదినాల్లో ఇచ్చీయాలని వేతనాల కోడ్‌లో ఉంది. ఫుల్ అండ్ ఫైనల్, అంటే ఆఖరి లెక్క, కింద నలభై అయిదు రోజులు ఆగమంటే ఆ మాట చెప్పండి. ఇవ్వకపోతే లేబర్ ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, రసీదు తీసుకోండి. వెళ్లేటప్పుడు అపాయింట్‌మెంట్ లెటర్, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, మీ డైరీ జెరాక్స్, షిఫ్ట్ గురించి ఇన్‌చార్జి పంపిన వాట్సాప్ మెసేజ్‌లు ప్రింట్ తీయించి పట్టుకెళ్లండి, మానేసిన రోజే మిమ్మల్ని గ్రూప్‌లోంచి తీసీస్తారు కాబట్టి అవి ముందే సేవ్ చేసుకోండి. ఐడీ కార్డు వెనక్కి ఇచ్చీముందు రెండు వైపులా ఫొటో తీసుకోండి, మీ ఎంప్లాయీ కోడ్ దాని మీదే ఉంటుంది.