సూప్‌లో వేసినా మందు మందే: చైనా మూలికలు, మన ఆహారం - అపోహలు, వాస్తవాలు

నేను సింగపూర్‌లో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చే తెలుగువాళ్లలో పిల్లల దగ్గర కొన్నాళ్లు ఉండిపోదామని వచ్చిన అమ్మానాన్నలే ఎక్కువ. షుగర్, బీపీ, గుండె జబ్బు, ఏదో ఒకటి ఉంటుంది. ఏం మందులు వాడుతున్నారని అడిగితే సంచీ బోర్లించి మాత్రలన్నీ చూపిస్తారు. ఇవి కాక ఇంకేమైనా ఉన్నాయా అంటే "ఏం లేవమ్మా" అంటారు. తీరా లేచి వెళ్లేటప్పుడు కోడలు అంటుంది: "రాత్రిపూట మావయ్యగారు ఆ చైనీస్ సూప్ తాగుతారండీ. అది మంచిదేగా?"

అందరికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ సంగతే. ముందు దీన్నే తేల్చుకుందాం.

అపోహ: మూలికలు వేసిన సూప్ ఆహారమే. ఇంగ్లీషు మందులతో కలిపి తీసుకున్నా ఏమీ కాదు, డాక్టరుకి చెప్పక్కర్లేదు.

వాస్తవం: చెప్పాలి. చెప్పి తీరాలి.

ఇక్కడ ఏ సూపర్‌మార్కెట్‌కి వెళ్లినా సూప్ ప్యాకెట్లు దొరుకుతాయి. డాంగ్‌గ్వాయ్ వేరు ముక్కలు, గోజీ పళ్లు, ఎండు ఎర్ర రేగుపళ్లు, ఇంకా ఒకటి రెండు రకాల వేర్లు ఉంటాయి. కోడిమాంసంతో కలిపి సన్నసెగ మీద గంటల తరబడి మరిగిస్తారు. రోజూ మందులేవీ వాడని మనిషి ఎప్పుడైనా ఒక గిన్నె తాగితే ఇబ్బందేమీ లేదు. నేనూ తాగుతాను, రుచిగా ఉంటుంది. కానీ గుండెలో మెటల్ వాల్వ్ ఉండి రక్తం పల్చబడే మాత్ర వాడేవాళ్ల లెక్క వేరు.

గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన సంగతి చెబుతాను. రక్తం పల్చబడే వార్ఫరిన్ మాత్ర మీద ఉన్నారు. పక్కింటి చైనీస్ ఆవిడ మంచి మనసుతో దాదాపు రోజూ సూప్ పంపేది. దీనికి తోడు, ఈ మాత్ర వాడేవాళ్లు ఆకుకూర ముట్టకూడదని ఎవరో చెబితే గోంగూర, పాలకూర, తోటకూర అన్నీ ఒక్కసారిగా మానేశారు. పళ్లు తోముకుంటుంటే వాష్‌బేసిన్‌లో ఎర్రగా పడుతోందని కొడుకు తీసుకొచ్చాడు. చొక్కా చేతులు పైకి మడిస్తే మోచేతుల దగ్గర నల్లగా కమిలి ఉంది. నేను ఆహారం సంగతి పక్కనపెట్టి అప్పటికప్పుడు ఆసుపత్రికి పంపాను. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే కొలత ఐఎన్ఆర్. ఆయనకి 3 దగ్గర ఉండాల్సినది 6 దాటింది.

జరిగింది ఇదీ. వార్ఫరిన్ పనిచేసేదే విటమిన్ కె ని అడ్డుకోవడం ద్వారా. ఆకుకూరల్లో ఆ విటమిన్ దండిగా ఉంటుంది. మీరు రోజూ తినే ఆకుకూరను బట్టే డాక్టరు డోసు సరిచేస్తారు. ఒక్కసారిగా మానేస్తే అదే డోసు ఎక్కువైపోతుంది. డాంగ్‌గ్వాయ్, డాన్‌షెన్ అనే చైనా మూలికల వేర్లు కూడా ఈ మాత్ర ప్రభావాన్ని పెంచుతాయి. గోజీ పళ్ల కషాయంతో అలా జరిగిన కేసులు కూడా వైద్య పత్రికల్లో వచ్చాయి. అంటే ఆయన చేసిన రెండు పనులూ రక్తాన్ని ఒకే వైపు, పల్చబడే వైపే నెట్టాయి. జిన్సెంగ్ అయితే ఉల్టా. అది మాత్ర బలాన్ని తగ్గించొచ్చు, అప్పుడు వాల్వ్ మీద గడ్డ కట్టే ప్రమాదం.

ఆయన కోలుకున్నారు. ముందే ఎందుకు చెప్పలేదండీ అంటే, "చెబితే డాక్టరు తిడతాడేమోనని భయపడ్డానమ్మా. అయినా కోడి పులుసే కదా అనుకున్నా" అన్నారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. మూలిక అనగానే విసుక్కునే డాక్టర్లు ఉన్నారు. అలా విసుక్కుంటే పేషెంటు సూప్ మానడు, చెప్పడం మానేస్తాడు.

మూలికలన్నీ ప్రకృతివే, హాని చేయవు అనేవాళ్లకు చైనా వైద్యమే జవాబిచ్చింది. వాళ్ల అతి పాత ఔషధ గ్రంథం షెన్నొంగ్ బెన్సావ్ జింగ్ 365 ఔషధాలను మూడు తరగతులుగా విడదీసింది. చివరి తరగతిలోని 125లో చాలావరకు విషగుణం ఉన్నవి, ఎక్కువకాలం వాడకూడనివి. 7వ శతాబ్దపు వైద్యుడు సున్ సిమియావ్ ముందు ఆహారంతో నయం చెయ్యి, కుదరకపోతేనే మందు జోలికి వెళ్లు అన్నాడు. ఆయనకి ఆహారానికీ మందుకీ తేడా బాగా తెలుసు. ఆ తేడా చెరిపేసింది ఇప్పటి వాట్సాప్ ఫార్వర్డులే.

అతిమధురం సంగతి కూడా చూడండి. మన ఇళ్లలో దగ్గుకి చప్పరిస్తాం. చైనా మందుల్లో చాలా వాటిల్లో అది ఉంటుంది. ఎక్కువ మోతాదులో చాలా రోజులు తీసుకుంటే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. నీళ్లు పోవడానికి ఇచ్చే మాత్రలు వాడేవాళ్లకు అది మరీ ప్రమాదం.

కాబట్టి ప్యాకెట్ వెనక వైపు ఫోటో తీసి పట్టుకురండి. పేర్లు గుర్తుపెట్టుకోవాలని టెన్షన్ పడకండి. అవి ఒకదానికొకటి చాలా దగ్గరగా వినిపిస్తాయి, ఫోటో అయితేనే నయం. సింగపూర్‌లో చైనా వైద్యులు రిజిస్టర్ చేసుకోవడం తప్పనిసరి. వాళ్ల దగ్గరికి వెళ్లినా మీ ఇంగ్లీషు మందుల చీటీ చూపించండి.

ఇక మిగతావి గబగబా.

అపోహ: బరువు తగ్గించే మూలికా టీలు సురక్షితం. 1990ల మొదట్లో బెల్జియంలో బ్రస్సెల్స్‌లోని ఒక క్లినిక్‌లో బరువు తగ్గడానికి మందు వాడిన ఆడవాళ్లలో వందమందికి పైగా కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఒక మూలిక బదులు అరిస్టొలోకియా జాతి మూలిక కలవడమే కారణం. వాళ్లలో కొందరికి తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది. మన ఈశ్వరి వేరు ఆ జాతిదే, ఇంట్లో కషాయం కాచుకోకండి.

అపోహ: పేరులేని మూలికా మాత్ర బాగా పనిచేస్తోందంటే మంచిదన్నట్టే. అంత వేగంగా పనిచేస్తోందంటే అనుమానించండి. 2008లో ఇక్కడ లైంగిక శక్తి పెంచుతాయని దొంగచాటుగా అమ్మిన ఉత్పత్తుల్లో గ్లైబెన్‌క్లమైడ్ అనే షుగర్ మందు కలిసి ఉంది. షుగర్ జబ్బే లేనివాళ్లు స్పృహ తప్పి ఆసుపత్రుల్లో చేరారు. నలుగురు చనిపోయారు.

అపోహ: జావ తాగితే షుగర్ పెరగదు. తెల్లబియ్యాన్ని మెత్తగా కాచిన జావ త్వరగా అరుగుతుంది, షుగర్ కూడా అంతే త్వరగా పెరుగుతుంది. ఉత్తర చైనాలో బాలింతకు పెట్టే జావ మన కొర్రలదే. బియ్యం కన్నా కొర్రలు మేలే, కానీ మరీ పలచగా కాయకుండా గుడ్డో చేపో కూరో పక్కన పెట్టుకుని తినండి.

అపోహ: బాలింత మంచినీళ్లు, ఆకుకూరలు ముట్టకూడదు. మన అమ్మమ్మలూ చైనీస్ అమ్మమ్మలూ దాదాపు ఒకే మాట చెబుతారు. శొంఠి, వెల్లుల్లి, అల్లం, నువ్వుల నూనె ఎంచక్కా తినండి. పాలిచ్చే తల్లి నీళ్లు మాత్రం తగ్గించొద్దు, కూరలు మానొద్దు. అమ్మతో గొడవపడక్కర్లేదు, గోరువెచ్చని నీళ్లయితే అమ్మా ఒప్పుకుంటుంది.

అపోహ: చైనా మూలికకి నోబెల్ వచ్చింది కాబట్టి ఆకు కషాయం చాలు. 2015లో చైనా శాస్త్రవేత్త థూ యూయూకి నోబెల్ వచ్చింది ఆకు నుంచి మలేరియా మీద పనిచేసే ఆర్టెమిసినిన్ అనే పదార్థాన్ని విడదీసి, పరీక్షించి, మందుగా నిలబెట్టినందుకు. ఆ ఆకు టీతో మలేరియాకి వైద్యం చేసుకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది.

చివరిగా ఒకటి. ఆపరేషన్ తేదీ ఖరారైతే కనీసం రెండు వారాల ముందే సర్జన్‌కీ, మత్తు డాక్టరుకీ మీరు తాగే సూప్‌లు, కషాయాలు, పొడులు అన్నీ చెప్పండి. వాటిని ఎప్పుడు ఆపాలో వాళ్లు చెబుతారు. డాక్టరు రాసిన మాత్రలను మాత్రం మీ అంతట మీరు ఆపకండి.