రూట్ పాస్‌వర్డ్ నలుగురికీ ఎందుకు?

హనుమకొండ

బిడ్డలకు దీవెనలు.

మీరు పంపిన ప్రాజెక్టు చూశాను. ఎనుమాముల మిర్చి యార్డు లెక్కలు మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టాలన్న ఆలోచన బాగుంది. రైతులు, కాంటాలు, చెల్లింపులు అని టేబుళ్లు విడదీసిన తీరు కూడా నచ్చింది. నచ్చనిది ఒక్కటే. నలుగురూ రూట్ అకౌంట్‌తోనే, అంటే అన్ని హక్కులూ ఉన్న అకౌంట్‌తోనే లాగిన్ అవుతున్నారు. ప్రోగ్రాం కూడా అదే పాస్‌వర్డ్‌తో నడుస్తోంది!

రూట్‌కు ఆ సర్వర్‌లో అడ్డు చెప్పేవాళ్లు లేరు. టేబుల్ మొత్తం తీసేయమన్నా మారుమాట్లాడకుండా తీసేస్తుంది. దానికన్నా పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. రేపు ఒక రైతు తక్‌పట్టీ (తూకం, డబ్బుల లెక్క చీటీ) పట్టుకొచ్చి, నా బస్తా 40 కిలోలు తూగితే ఇక్కడ 38 ఎట్ల పడింది అని అడిగాడనుకోండి. మార్చిందెవరో మీరు చెప్పలేరు. ఎవరేం చేశారో సర్వర్ రాసుకునే లాగ్ తీస్తే అన్ని లైన్లలోనూ రూటే.

అందుకే ముందు ఎవరి పనేంటో కాగితం మీద రాసుకోండి. దడ్వాయి, అంటే తూకం వేసే మనిషి, తూకం ఎక్కించాలి, ఎక్కించింది చూసుకోవాలి. అతనికి కాంటాల టేబుల్ మీద ఇన్సర్ట్ (కొత్తది ఎక్కించడం), సెలెక్ట్ (చూడడం) అనే హక్కులు చాలు. అప్‌డేట్, అంటే ఉన్నదాన్ని మార్చే హక్కు, ఇవ్వొద్దు. తప్పు పడితే సూపర్‌వైజర్ తన అకౌంట్‌తో దిద్దుతాడు. గేటు దగ్గర టోకెన్ రాసేవాళ్లకు రైతు పేరు, ఊరు కావాలి గానీ బ్యాంకు ఖాతా నంబరుతో పనేముంది? సెలెక్ట్‌ను ఆ రెండు కాలమ్‌లకే ఇవ్వొచ్చు. అప్పుడు అన్ని కాలమ్‌లూ చూపమని సెలెక్ట్ స్టార్ కొడితే ఎర్రర్ వస్తుంది. టెన్షన్ పడకండి, కాలమ్‌ల పేర్లు రాసి అడిగితే ఇస్తుంది.

ఇంకో సంగతి. మైఎస్‌క్యూఎల్‌లో అకౌంట్ అంటే పేరొక్కటే కాదు, ఏ కంప్యూటర్ నుంచి వస్తున్నారన్నది కూడా అందులో భాగమే. లోకల్‌హోస్ట్ నుంచి, అంటే సర్వర్ ఉన్న కంప్యూటర్ నుంచే వచ్చే ‘కాంటా’ అనే అకౌంట్ వేరు, బయటి అడ్రస్ నుంచి వచ్చే ‘కాంటా’ వేరు. పాస్‌వర్డ్‌లు, హక్కులు దేనికవే. మీరేమో హోస్ట్ (వచ్చే కంప్యూటర్ అడ్రస్) దగ్గర పర్సెంట్ గుర్తు పెట్టారు, అంటే ఎక్కడినుంచైనా రావచ్చని. యార్డు ఆఫీసు అడ్రస్ పెట్టండి.

ఇచ్చింది వెనక్కి తీసుకునేటప్పుడు చాలామంది బోల్తా పడతారు. డేటాబేస్ మొత్తం మీద సెలెక్ట్ ఇచ్చేసి, తర్వాత చెల్లింపుల టేబుల్ ఒక్కదాని మీద రివోక్, అంటే హక్కు వెనక్కి, అంటారు. అలాంటి గ్రాంటే (ఇచ్చిన హక్కే) లేదంటుంది మైఎస్‌క్యూఎల్. ఏ స్థాయిలో ఇచ్చారో ఆ స్థాయిలోనే తీసుకోవాలి. అందుకే నేను మొదటినుంచీ టేబుల్ వారీగానే ఇమ్మంటాను. కొంచెం ఎక్కువ టైపింగ్, అంతే కదా.

దడ్వాయిలు పదిమంది ఉంటే పదిసార్లు గ్రాంట్ రాయక్కర్లేదు. మైఎస్‌క్యూఎల్ 8.0 వెర్షన్ నుంచి రోల్స్, అంటే పేరు పెట్టిన హక్కుల కట్టలు, ఉన్నాయి. ఒక రోల్‌కు హక్కులిచ్చి, ఆ రోల్‌ను అందరికీ ఇవ్వండి. లాగిన్ కాగానే రోల్ అమల్లోకి వచ్చేలా చేసే సెట్ డిఫాల్ట్ రోల్ కమాండ్ మాత్రం మర్చిపోవద్దు. అది లేకుంటే, సర్వర్ సెట్టింగు మార్చనంతవరకు, రోల్ ఇచ్చినా లాగిన్ కాగానే ఆ రోల్ హక్కులేవీ పనిచేయవు.

సీజన్ అయ్యాక వెళ్లిపోయి మళ్లీ వచ్చే ఏడు వచ్చేవాళ్లుంటారు. వాళ్ల అకౌంట్లు తీసేయకుండా లాక్ చేయండి. లాక్ చేసినా, తీసేసినా అప్పటికే తెరిచి ఉన్న కనెక్షన్ తెగదు. తెరిచి ఉన్న కనెక్షన్లు చూపే ప్రాసెస్ లిస్ట్ చూసి దాన్ని విడిగా కిల్ చేయాలి (తెంచేయాలి).

ఇవన్నీ మార్చాక ఒక్కో అకౌంట్‌కు ఉన్న హక్కులు చూపే షో గ్రాంట్స్ కమాండ్ కొట్టి, వచ్చింది నాకు పంపండి. పాస్‌వర్డ్‌లు మాత్రం వాట్సాప్‌లో పెట్టకండి.

మీ తాత