1967 జులై 28: ఫారెస్టల్‌కు చేరిన పాత బాంబులు

విమానవాహక నౌకల కోసం రెండు ఇంజన్ల యుద్ధ విమానానికి బెంగళూరులో రూపకల్పన సాగుతున్న వేళ, మారతహళ్లి, విమానపుర ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు ఇంజనీర్ల మధ్య పాత వాదం ఒకటి మళ్లీ రాజుకుంది. నౌకపై నిప్పు పుడితే బాంబులు పేలకుండా కాపాడవలసింది సిబ్బంది క్రమశిక్షణా, బాంబులో నింపిన పదార్థమా? ముంబైలో 18 మందిని బలిగొన్న 2013 నాటి సింధురక్షక్ జలాంతర్గామి పేలుళ్లు అందరికీ తెలిసినవే. వాదానికి మూలం మాత్రం అంతకు 46 ఏళ్ల ముందు, వియత్నాం సముద్రంలో ఉంది.

1967 జులై 29న అమెరికా విమానవాహక నౌక ఫారెస్టల్‌పై, ఒక విమానానికి తగిలించిన జునీ అనే రాకెట్ విద్యుత్ లోపం వల్ల దానంతటదే దూసుకెళ్లి, డెక్‌కు అవతలి వైపు నిలిపిన విమానపు ఇంధన ట్యాంకును చీల్చింది. అందరూ కథను ఇక్కడ మొదలుపెడతారు గాని, అసలు మలుపు ముందురోజే వచ్చిందని నా నమ్మకం. డైమండ్ హెడ్ అనే సరఫరా నౌక ఆ రోజు అందించిన వెయ్యి పౌండ్ల బాంబుల్లో కొన్ని పదేళ్లకు పైగా నిల్వ ఉన్నవి. వాటి తొడుగు పలుచన. లోపలిది టీఎన్‌టీ, ఆర్‌డీఎక్స్ కలిపిన కాంపోజిషన్ బి అనే పేలుడు పదార్థం. ఆయుధ సిబ్బంది అభ్యంతరం చెప్పినా, బాంబుల కొరత వల్ల, తెల్లవారితే దాడులకు వెళ్లవలసి ఉన్నందువల్ల, వాటినే ఉంచుకున్నారు.

కొత్త బాంబులు మంటల్లో కొన్ని నిమిషాలు తాళుతాయన్న లెక్కతో శిక్షణ పొందిన అగ్నిమాపక బృందం వెంటనే ముందుకు దూకింది. బృందనాయకుడు జెరాల్డ్ ఫారియర్ చేతిలో ఉన్న ఒక్క మంటలార్పే పొడి సిలిండర్‌తోనే బాంబును మంటల నుంచి కాపాడబోయాడు. దాదాపు నిమిషంన్నరకే పాత బాంబు పేలి, ఆయనతో పాటు ఆ బృందంలో చాలామందిని బలితీసుకుంది. ఆ తర్వాత గొట్టాలు పట్టినవారిలో ఎందరికో ఆ పనిలో తగిన శిక్షణే లేదు. మొత్తం 134 మంది చనిపోయారు.

రాకెట్టుకు విద్యుత్ తీగను ముందుగానే కలపడం వంటి నియమోల్లంఘనలు జరిగాయన్న క్రమశిక్షణ పక్షం మాట నిజమే. 1969 జనవరిలో అమెరికాదే మరో విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్‌పై ఇంజన్ స్టార్టర్ వేడిగాలి తగిలి మరో జునీ పేలినప్పుడు కూడా 28 మంది పోయారు. పొరపాటు అంత తేలికగా మళ్లీ జరిగినప్పుడు, దాన్ని సరిదిద్దుకునే వ్యవధిని బాంబే ఇవ్వాలి.

ఆ అవగాహనతోనే బాంబులకు వేడిని అడ్డుకునే పూత వచ్చింది, ఆపై వేడికి తేలికగా పేలని, పాలిమర్‌తో (ప్లాస్టిక్ వంటి పదార్థంతో) బంధించిన పేలుడు పదార్థం వచ్చింది. నేటి పరీక్షల్లో ఇంధన మంటలో ఉంచిన బాంబు కాలవచ్చు గాని పేలకూడదు. ఇంకొక పరీక్షలో వేడిని చాలా నెమ్మదిగా పెంచుతారు; చాలా ఏళ్లపాటు ఆ రేటు గంటకు 3.3 డిగ్రీల సెంటీగ్రేడ్‌గా ఉండేది. పక్క గదిలో రాజుకున్న నిప్పు గోడ గుండా గంటల తరబడి ఆయుధాగారాన్ని వేడెక్కించే స్థితికి ఇది నమూనా.

ఇలాంటి బాంబులు ఖరీదైనవని అభ్యంతరపెట్టేవారు ఫారెస్టల్‌పై ఆ ఒక్కరోజు బూడిదైన 21 విమానాలను కూడా లెక్కలో వేయాలి.