పిల్లల సద్ది డబ్బా: వేడి చేయడం మీద అపోహలు - వాస్తవాలు

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో పిల్లలకు మధ్యాహ్నం అన్నం మూడు తీర్లుగా వేడిగా అందుతుంది. పొద్దున ఏడింటికి వండి హాట్‌బాక్సులో పెట్టి పంపడం ఒకటి. పన్నెండున్నరకు అమ్మమ్మో తాతయ్యో ఇంట్లో వేడి చేసి బడి గేటు దగ్గరికి తెచ్చివ్వడం రెండోది. బడిలోనో డే కేర్‌లోనో ఆయమ్మ మైక్రోవేవ్‌లో వేడి చేసి పెట్టడం మూడోది. ఒకదానికి పనికొచ్చే డబ్బా ఇంకోదానికి పనికిరాదు. అందుకే గిన్నెల దుకాణానికి పోయే ముందే అన్నం ఎక్కడ, దేని మీద వేడెక్కుతుందో తేల్చుకోవాలి. తల్లిదండ్రుల నోట వినిపించే అపోహల్లో సగం ఈ తేడా చూసుకోకపోవడం వల్ల వచ్చినవే.

అపోహ: "మైక్రోవేవ్ సేఫ్ అని రాసి ఉంది కదా, ఇంకేం భయం?"

వాస్తవం: ఆ ముద్ర డబ్బా సంగతి మాత్రమే చెబుతుంది. ఆ వేడికి అది కరగదు, వంకర పోదు, పగలదు అని. అన్నంలోకి ఏమీ దిగదని హామీ ఇవ్వదు. మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 ప్యాకేజింగ్ నిబంధనలు ప్లాస్టిక్ నుంచి తిండిలోకి దిగేవాటికి కిలోకు 60 మిల్లీగ్రాముల హద్దు పెట్టాయి. ఎంతో కొంత దిగుతుందని ఒప్పుకునే ఆ హద్దు పెట్టారు. పరీక్ష జరిగేది కొత్త సరుకు మీద. రెండేళ్లు పీచుతో రుద్దిన డబ్బాను ఎవరూ పరీక్షకు పంపరు.

డబ్బా బోర్లించి చూస్తే త్రికోణంలో ఒక అంకె ఉంటుంది. 5 అంటే పాలీప్రొపిలీన్. దాదాపు 160 డిగ్రీల సెల్సియస్ దాకా కరగదు కాబట్టి మైక్రోవేవ్ డబ్బాలు ఎక్కువగా దీంతోనే చేస్తారు. 1 అంటే పెట్, నీళ్ల బాటిళ్ల ప్లాస్టిక్. 70, 80 డిగ్రీలకే మెత్తబడుతుంది, వేడి సాంబారు పోస్తేనే ముడుచుకుంటుంది. 3, 6, 7 అంకెల ప్లాస్టిక్‌లను పిల్లల తిండికి వాడొద్దనీ, ఏ ప్లాస్టిక్‌లోనైనా వీలైనంతవరకు మైక్రోవేవ్ చేయొద్దనీ అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2018లో చెప్పింది. అంకె లేని డబ్బాను చల్లటి వాటికి, పొడి వాటికి ఉంచుకోండి.

నూనె సంగతి విడిగా చెప్పుకోవాలి. పప్పు, చారు లాంటి నీళ్లున్న కూర మైక్రోవేవ్‌లో 100 డిగ్రీల దగ్గర ఆగుతుంది, నీళ్లు ఉన్నంతసేపూ అంతకు మించదు. ఆలుగడ్డ వేపుడు, బగారా అన్నం, పులిహోర పోపు అట్లా కాదు. నూనె చేరిన చోట వేడి 100 దాటిపోతుంది. టమాట కూర తేలిన నూనె అంచున డబ్బా గోడ గరుకుగా, బొబ్బలెక్కినట్టు కనిపిస్తే ప్లాస్టిక్ అక్కడ దెబ్బతిన్నట్టే.

అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయం వాళ్లు 2023లో పిల్లల ఆహారపు ప్లాస్టిక్ డబ్బాలను మూడు నిమిషాలు మైక్రోవేవ్ చేసి చూశారు. కొన్నిటిలో చదరపు సెంటీమీటరుకు 42 లక్షల దాకా సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు, 211 కోట్ల దాకా అంతకన్నా చిన్న కణాలు రాలాయి. వాళ్లు పరీక్షించిన వాటిలో 5వ నంబరు డబ్బాలూ ఉన్నాయి. అందుకే మా సలహా ఇది: ప్లాస్టిక్‌లో మోసుకెళ్లినా వేడి చేసేటప్పుడు పింగాణీ గిన్నెలోకో గాజు గిన్నెలోకో మార్చండి. ఆయమ్మకు ఒక పింగాణీ గిన్నె ఇచ్చి పెడితే సరిపోతుంది. గిన్నెకు బంగారు గీత, వెండి గీత ఉండకూడదు, ఆ రంగులో లోహం ఉంటుంది.

ఇక వాడుతున్న డబ్బాను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూడండి. లోపల సన్నటి గీతలు వలలా అల్లుకున్నాయా? పసుపు మరక ఎన్నిసార్లు తోమినా పోనంతగా లోపలికి దిగిందా? మూత మడిచే చోట తెల్లగా పాలిపోయిందా? వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ డబ్బాలో ఇక తిండి వేడి చేయొద్దు. బిర్యానీ పార్సిల్‌కు వచ్చిన నల్ల డబ్బాలు, ఐస్‌క్రీమ్ డబ్బాలు అయితే మొదటి రోజు నుంచే వేడికి వద్దు. అవి ఒక్కసారి వాడకానికి పల్చగా పోసినవి.

అపోహ: "బీపీఏ ఫ్రీ అని ఉంది, అంటే అన్నిటికంటే మంచిది."

వాస్తవం: బీపీఏ అంటే బిస్ఫినాల్-ఏ అనే రసాయనం. అది ఉండేది గాజులా మెరిసే గట్టి పాలీకార్బొనేట్ ప్లాస్టిక్‌లో. పాలీప్రొపిలీన్ తయారీలో దాని అవసరమే లేదు. కాబట్టి 5వ నంబరు డబ్బా మీద ఆ మాట రాస్తే కొత్తగా చెప్పిందేమీ లేదు. మన దేశంలో పాలసీసాల్లో బీపీఏ వద్దని భారత ప్రమాణాల సంస్థ 2015లోనే నిబంధన పెట్టింది. బీపీఏ తీసేసి దాని చుట్టాలైన బీపీఎస్, బీపీఎఫ్‌లు వాడే సరుకూ ఉంది. ఆ మాట చూసి ఎక్కువ ధర పెట్టకండి.

అపోహ: "స్టీల్ డబ్బా అయితే ఎట్లా వేడి చేసినా ఏం కాదు."

వాస్తవం: మోయడానికి స్టీల్‌ను మించింది లేదని మేమూ అంటాం. వేడి చేసే పద్ధతి మాత్రం డబ్బా రకాన్ని బట్టి మారుతుంది. ఒకే పొర స్టీల్ గిన్నె అయితే ఇట్లా చేయండి. మూత, రబ్బరు రింగు, ప్లాస్టిక్ క్లిప్పులు తీసేయండి. వెడల్పు గంజులో గిన్నె సగం మునిగేంత నీళ్లు మరిగించి, గిన్నె పెట్టి, పైన ఒక ప్లేటు బోర్లించండి. ఐదు నిమిషాలకోసారి కలుపుతూ పది, పన్నెండు నిమిషాలు ఉంచితే అడుగంటకుండా అన్నం పొగలు కక్కుతుంది. నేరుగా పొయ్యి మీద పెడితే పల్చటి అడుగు మాడుతుంది, పైన అన్నం చల్లగానే ఉంటుంది.

రెండు పొరల వాక్యూమ్ డబ్బాను పొయ్యి మీద ఎప్పుడూ పెట్టకండి. పొరల మధ్య సీలు చేసిన ఖాళీ ఉంటుంది. మంటకు అతుకు విచ్చుకుని వాక్యూమ్ పోతుంది, కొన్నిసార్లు డబ్బా ఉబ్బి పగులుతుంది. బయట రంగుల ప్లాస్టిక్, లోపల స్టీల్ ఉన్న టిఫిన్ బాక్సులు మరీ మోసం చేస్తాయి. పైకి ప్లాస్టిక్‌లా కనిపిస్తాయి కాబట్టి ఆయమ్మ మైక్రోవేవ్‌లో పెట్టేస్తుంది. లోపలి స్టీల్ మైక్రోవేవ్ తరంగాలను వెనక్కి కొడుతుంది, అన్నం వేడెక్కదు, అంచుల దగ్గర నిప్పురవ్వలు లేస్తాయి. అట్లాంటి డబ్బా మూత మీద మార్కర్‌తో "లోపల స్టీల్" అని పెద్దగా రాయండి.

ఇక అయస్కాంతం పరీక్ష. "అతుక్కోకపోతే అసలైన స్టీల్" అనేది సగమే నిజం. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉండే 304 రకానికి అయస్కాంతం అతుక్కోదు, నికెల్ తగ్గించి మాంగనీస్ కలిపిన 202కూ అతుక్కోదు. 202 విషం కాదు గానీ ఉప్పు, పులుపు తగిలితే ముందుగా గుంటలు పడేది అదే. స్టీల్, అల్యూమినియం గిన్నెలకు 2024లో ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు. అంగడిలో కొన్నా షోరూంలో కొన్నా అడుగున ఆ గుర్తు చూడండి.

సిల్వర్ అని మనం పిలిచే అల్యూమినియం డబ్బాలో పచ్చిపులుసు, టమాట పప్పు, పులిహోర పెట్టొద్దు. పులుపు లోహాన్ని కొరుకుతుంది. ఫాయిల్‌కూ ఇదే మాట, చపాతీకి పర్వాలేదు, నిమ్మకాయ అన్నానికి వద్దు. కళాయి పోయిన ఇత్తడి, రాగి గిన్నెల్లో పులుసు పెడితే పిల్లలకు వాంతులవుతాయి.

అపోహ: "హాట్‌బాక్సులో పెడితే మధ్యాహ్నం దాకా అదే వేడి ఉంటుంది."

వాస్తవం: హాట్‌బాక్సు వేడిని పుట్టించదు, పెట్టిన వేడిని మెల్లగా వదులుతుంది. చల్లటి స్టీల్ గోడకు అన్నం తగిలితే మొదటి పది నిమిషాల్లోనే చాలా వేడి గోడలోకి పోతుంది. అందుకే ముందుగా మరుగుతున్న నీళ్లు నిండా పోసి, మూత పెట్టి, పది నిమిషాలు ఉంచండి. పారబోసి తుడిచి, పొయ్యి మీది నుంచి దించిన అన్నాన్ని అప్పుడే పైన ఒక సెంటీమీటరు వదిలి నింపండి. సగం డబ్బా నింపితే లోపలి గాలి ముందు చల్లబడుతుంది, దాంతోపాటే అన్నమూ. పెరుగన్నం, దోసకాయ ముక్కలు ఈ డబ్బాలో పెట్టొద్దు.

డబ్బా పనిచేస్తోందా లేదా ఇంట్లోనే చూసుకోవచ్చు. మరిగే నీళ్లు పోసి మూత పెట్టి, పది నిమిషాలకు బయటి గోడ తాకండి. వెచ్చగా ఉంటే వాక్యూమ్ పోయినట్టే. మళ్లీ పొద్దున ఏడింటికి మరిగే నీళ్లు పోసి, పన్నెండున్నరకు వంట థర్మామీటరు పెట్టండి. 60 డిగ్రీలు లేకపోతే ఆ డబ్బాలో అన్నం అంతసేపు ఉంచడం మంచిది కాదు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య క్రిములు పెరుగుతాయి, గోరువెచ్చని అన్నమైతే వాటికి మరీ అనువు.

అపోహ: "కాస్త పాడైనా మళ్లీ బాగా వేడి చేస్తే క్రిములన్నీ చచ్చిపోతాయి."

వాస్తవం: అన్నం విషయంలో ఈ మాట ప్రమాదం. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి విత్తనాల రూపంలో ఉంటుంది, ఉడికించినా చావదు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే మొలకెత్తి విషం వదులుతుంది. వాంతులు కలిగించే ఆ విషం 120 డిగ్రీలకు కూడా విరగదు, అన్నం మళ్లీ వేడి చేసేటప్పుడు అంత వేడి రాదు. వాసన, రుచి మారకుండానే ఇదంతా జరగొచ్చు.

రాత్రి మిగిలిన అన్నాన్ని పొద్దున పోపు పెట్టి సద్ది కట్టే ఇళ్లు మన దగ్గర చాలా. అన్నం వార్చిన గంటలోపు పళ్లెంలో పల్చగా పరిచి ఆరబెట్టి ఫ్రిజ్‌లో పెడితే ఇబ్బంది లేదు. గంజులోనే కుప్పగా వదిలేస్తే మధ్య భాగం తెల్లారేదాకా గోరువెచ్చగానే ఉంటుంది. మళ్లీ వేడి చేసేటప్పుడు మధ్యలో 75 డిగ్రీలు రావాలి. మైక్రోవేవ్ అయితే ఒక నిమిషం పెట్టి కలిపి, ఇంకో నిమిషం పెట్టి, బయటకు తీసి మరో నిమిషం ఆగండి. కలపకపోతే అంచులు కాలుతూ మధ్య చల్లగా ఉంటుంది, పిల్లల నోరు కాలేది ఇట్లాగే. ఒకసారి వేడి చేసిన అన్నం మిగిలితే పారేయండి. ఏప్రిల్‌లో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు ఆటోలో సంచి వెనక డిక్కీలో కాకుండా పిల్లల కాళ్ల దగ్గర నీడలో పెట్టమని డ్రైవర్‌కు చెప్పండి.

గాజు డబ్బా తీసుకునేవాళ్లు బోరోసిలికేట్ అని రాసి ఉందో లేదో చూడండి. మామూలు గాజు ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా మైక్రోవేవ్‌లో పెడితే చీలుతుంది. బోరోసిలికేట్‌నైనా పదిహేను నిమిషాలు బయట ఉంచాకే పెట్టండి. మూత ప్లాస్టిక్ కాబట్టి తీసేసి, ప్లేటు బోర్లించాలి. మూత బిగించి వేడి చేస్తే ఆవిరికి ఎగిరిపడుతుంది. రెండు, మూడు తరగతుల పిల్లల సంచిలో గాజు వద్దు, ఇంటి నుంచి తెచ్చిచ్చేవాళ్లకు అది అనువు. బొమ్మలు అచ్చేసిన మెలమైన్ అనే గట్టి ప్లాస్టిక్ ప్లేట్లు చల్లటి తిండికి మాత్రమే. మోదుగాకుల విస్తరి మంచిదే, కానీ ఈ మధ్య కింద పల్చటి ప్లాస్టిక్ పొర అతికించి అమ్ముతున్నారు, తిప్పి చూసి తీసుకోండి. సర్వపిండిని పేపర్లో చుట్టి పెట్టకండి. అచ్చు సిరా నూనెకు దిగుతుంది, అచ్చు కాగితంలో తిండి చుట్టడాన్ని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనలు నిషేధించాయి.

ఏ డబ్బా అయినా మూతలోని రబ్బరు రింగును రోజూ ఊడదీయాలి. చెంచా వెనక కొసతో ఒక చోట లేపితే వచ్చేస్తుంది. దాని గాడిలో పప్పు, నూనె చేరి నల్లటి బూజు పడుతుంది, డబ్బా తోమినా ఆ పుల్లటి వాసన పోనిది అందుకే. వేడి నీళ్లలో సబ్బు వేసి పాత పళ్ల బ్రష్‌తో గాడి తోమి, రింగును విడిగా ఆరబెట్టి, పూర్తిగా ఆరాకే తిరిగి పెట్టండి. రింగు సాగి వదులైనా, పగులు కనిపించినా కొత్తది తెచ్చుకోండి. డబ్బా కొనేటప్పుడే విడి రింగు దొరుకుతుందో లేదో దుకాణంలో అడగండి.