నేటివా, హైబ్రిడా? ముందు గుమాస్తా ఫోన్ చూడనీ

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు సేటు కుర్చీ చూపిస్తూనే అడిగిండు: "తమ్మీ, నేటివ్ చేస్తవా, హైబ్రిడ్ చేస్తవా? హైబ్రిడ్ అసలే వద్దన్నడు మా అల్లుడు." అల్లుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. నల్లగొండలో కూర్చుని యాప్‌లు చేసే నాకు ఇట్లాంటి అల్లుళ్లతో పని ఎక్కువే. వాళ్లు చెప్పేవి అబద్ధాలేం కావు, కొంచెం పాతబడిన నిజాలు. నేటివ్ అంటే ఆండ్రాయిడ్‌కు, ఐఫోన్‌కు వేరువేరుగా వాటి సొంత భాషల్లో రాసే యాప్. హైబ్రిడ్ అంటే ఒకే కోడ్‌తో రెండింటిలో నడిచేది.

అపోహ: హైబ్రిడ్ అంటే వెబ్‌సైట్‌కు యాప్ తొడుగు. నత్తలా నడుస్తుంది.

కార్డోవా, అయానిక్ అనే పనిముట్ల పద్ధతిలో అది చాలావరకు నిజం. యాప్ లోపల వెబ్‌వ్యూ, అంటే చిన్న బ్రౌజర్ లాంటిది, తెరుచుకుని అందులో పేజీలు నడుస్తాయి. కానీ ఇప్పుడు ఆ పేరు కింద వేరే సరుకు కూడా కలిసింది. 2015లో ఫేస్‌బుక్ బయటపెట్టిన రియాక్ట్ నేటివ్‌లో కోడ్ జావాస్క్రిప్టే అయినా, తెర మీద కనిపించే పెట్టెలు, అక్షరాలు ఫోన్ సొంతవే. 2018 డిసెంబరులో 1.0 వచ్చిన గూగుల్ ఫ్లట్టర్ అయితే ఫోన్ బటన్లను వాడుకోదు, తెరంతా తానే గీసుకుంటుంది. వీటిని క్రాస్ ప్లాట్‌ఫామ్ అనాలి. మన దగ్గర మాత్రం అన్నీ హైబ్రిడే.

ఇక నత్తనడక సంగతి. స్లో అని నా దగ్గరికి వచ్చిన చాలా యాప్‌లలో తప్పు భాషది కాదు. వెయ్యి మంది రైతుల లిస్టు ఒక్కసారే లాగుతారు, కెమెరా తీసిన ఫొటోను కుదించకుండానే సర్వర్‌కు పంపుతారు. దాన్ని ఆండ్రాయిడ్ నేటివ్ భాష కోట్లిన్‌లో రాసినా అంతే. వీడియో ఎడిటింగ్ లాంటి బరువైన పని ఉంటే నేనూ నేటివ్ వైపే.

అపోహ: ప్రింటర్, బ్లూటూత్ ఉంటే నేటివ్ తప్ప దారి లేదు.

నకిరేకల్ దగ్గర ఒక పాల కేంద్రానికి ఫ్లట్టర్‌లో యాప్ చేసిన. పాలు పోయగానే లీటర్లు, ఫ్యాట్, పైసలు చిన్న థర్మల్ ప్రింటర్ మీద చిట్టీగా రావాలి. మొదటి రోజు అంకెలు చక్కగా వచ్చినయ్, పేర్ల దగ్గర అన్నీ ప్రశ్నార్థకాలే. పాలు పోసే ఒకామె చిట్టీ అటు తిప్పి ఇటు తిప్పి, "ఏందన్నా, నా పేరే మర్సిపోయిందా మిషన్?" అన్నది.

ఫ్లట్టర్ తప్పు కాదది. ఆ ప్రింటర్‌లో తెలుగు ఫాంటే లేదు. మనం పంపిన అక్షరాలను తనకు తెలిసిన గుర్తుల్లో వెతుక్కుని, దొరక్క చేతులెత్తేస్తుంది. నేటివ్‌లో రాసినా అదే జరిగేది. చిట్టీ మొత్తాన్ని 384 చుక్కల వెడల్పు బొమ్మగా మార్చి పంపితే గానీ రెండంగుళాల కాగితం మీద తెలుగు పడలేదు.

అయితే అల్లుడి మాటలో నిజం ఇక్కడే ఉంది. ప్రింటర్ కోసం నేను వాడిన ప్లగిన్‌ను (వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్ ముక్క) రాసినాయన దాన్ని ఎప్పుడో వదిలేసిండు. కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో బ్లూటూత్ అనుమతి పద్ధతి మారేసరికి అది పనిచేయడం మానేసింది. చివరికి ఆ ముక్క కోట్లిన్‌లో నేనే రాసుకున్న. అందుకే కోట్లిన్, ఐఫోన్ భాష స్విఫ్ట్ ముఖం చూడని టీమ్‌కు హైబ్రిడ్ పని ఇవ్వొద్దంటాను.

అపోహ: ఒక్క కోడ్, రెండు ఫోన్లు, సగం ఖర్చు.

కొంత మిగులుతుంది, సగమైతే కాదు. తెరలు, లెక్కలు ఒకసారి రాస్తే చాలు. నోటిఫికేషన్లు, అనుమతులు, టెస్టింగ్ మాత్రం రెండు వైపులా వేరువేరుగా చూసుకోవాలి. ఐఫోన్ యాప్ తయారవ్వాలంటే మ్యాక్ కావాలి, సొంతానిదో అద్దెదో. గూగుల్‌కు ఒకసారి 25 డాలర్లు కడితే అయిపోతుంది, ఆపిల్‌కు ఏటా 99. (ఆ అకౌంట్లు మీ పేరుమీదే తెరిపించుకోండి. యాప్ చేసినోడి అకౌంట్‌లో ఉంటే, రేపు వాడు ఫోన్ ఎత్తకపోతే మీ యాప్ గల్లంతే.)

అపోహ: నేటివ్ అయితే బ్యాక్‌గ్రౌండ్‌లో లొకేషన్ ఆగదు.

స్కూల్ బస్సు యాప్‌లు అడిగేవాళ్లంతా ఈ మాటే అంటారు. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి బ్యాక్‌గ్రౌండ్ లొకేషన్‌కు కళ్లెం పడింది. తెర మీద నోటిఫికేషన్ చూపిస్తూ ఫోర్‌గ్రౌండ్ సర్వీస్ (యాప్ పనిలో ఉందని ఫోన్‌కు చెప్పే పద్ధతి) నడపాలి. అయినా కొన్ని ఫోన్లు బ్యాటరీ పొదుపు పేరుతో దాన్నీ చంపేస్తాయి. డ్రైవర్ ఫోన్ తీసుకుని సెట్టింగ్స్‌లో ఆ పొదుపు ఆపేయాల్సిందే. ఈ పనికి మాత్రం నేను నేటివ్‌కే మొగ్గుతాను. ఆగిపోయినప్పుడు కారణం వెతకడానికి మధ్యలో ఒక పొర తక్కువ ఉంటుంది.

నెట్ లేకుంటే హైబ్రిడ్ పనిచేయదన్నదీ వట్టి మాటే. అమ్రాబాద్ అడవిలో సిగ్నల్ లేని చోట కూడా ఫోన్‌లోనే ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో దాచుకుని, సిగ్నల్ దొరికినప్పుడు పంపొచ్చు. ఏ భాషకైనా ఆ వసతి ఉంది.

అపోహ: ఒకసారి చేయించుకుంటే పదేళ్లు చూడక్కర్లేదు.

ప్లే స్టోర్ ఏటేటా కొత్త ఆండ్రాయిడ్‌కు తగ్గట్టు యాప్‌ను మార్చమంటుంది. హైబ్రిడ్‌లో ఇంకో భయం, కింద ఉన్న పనిముట్టే మూతపడొచ్చు. ఫోన్‌గ్యాప్‌ను అడోబీ 2020లో ఆపేసింది, జామరిన్‌కు మైక్రోసాఫ్ట్ 2024 మేలో సపోర్టు తీసేసింది.

ఇంతకీ సేటు యాప్? కాంటా దగ్గర గుమాస్తా ఫోన్ అడిగి చూసిన: పాత ఆండ్రాయిడ్, 2 జీబీ ర్యామ్, పగిలిన తెర. హమాలీ మేస్త్రీదీ అట్లాంటిదే. మిల్లు మొత్తానికి ఐఫోన్ ఉన్నది సేటుకొక్కడికే, అదీ సాయంత్రం లెక్క చూసుకోవడానికి. కాంటా కాడికి కోట్లిన్‌లో చిన్న యాప్ చేసి, సేటుకు బ్రౌజర్‌లో తెరుచుకునే ఒక పేజీ ఇచ్చిన. "ఇది నేటివా, హైబ్రిడా?" అని అల్లుడు ఇంకా అడుగుతనే ఉన్నడట.