వరిగడ్డిలోని పోగును లాగే ఎంజైము

ఒకే వరి దుబ్బు నుంచి వచ్చిన గింజ మనకు అన్నమవుతుంది, గడ్డి పశువుకు మేత అవుతుంది. రెండింటిలో ఉన్న పదార్థాలు పూర్తిగా వేరని చాలామంది అనుకుంటారు. నిజానికి గింజలోని పిండిపదార్థమూ గడ్డిలోని సెల్యులోజూ రెండూ గ్లూకోజు గొలుసులే. వేరైనది ఆ గ్లూకోజులు ఒకదానితో ఒకటి కలిసిన తీరు. పిండిపదార్థంలో అవన్నీ ఒకే వైపు తిరిగి ఉండడం వల్ల గొలుసు స్ప్రింగులా చుట్టుకుంటుంది, ఉడికించిన గింజలో ఆ చుట్ల మధ్యకు నీరూ మన లాలాజలంలోని ఎంజైమూ సులువుగా చేరతాయి. సెల్యులోజులో ఒకటి నిటారుగా ఉంటే పక్కది తలకిందులుగా ఉంటుంది. అందువల్ల గొలుసు తిన్నగా సాగి, పక్క గొలుసులతో హైడ్రోజన్ బంధాలు కలుపుకుని, నీరు కూడా దూరలేనంత చిక్కగా పేరుకుంటుంది. ఎంజైము సాయం లేకుండా మామూలు ఉష్ణోగ్రతలో నీటిలో ఉంచితే ఆ గ్లూకోజుల మధ్య బంధాల్లో సగం తెగడానికి సుమారు 50 లక్షల ఏళ్లు పడుతుందని అంచనా. ఆవు కూడా ఈ పని స్వయంగా చేయలేదు. దాని పొట్టలోని సూక్ష్మజీవులు చేసిపెడతాయి.

ఈ విద్యలో ఆరితేరిన బూజు ఒకటి రెండో ప్రపంచ యుద్ధకాలంలో సోలమన్ దీవుల్లో, అమెరికా సైన్యపు నూలు గుడారాలను తినేస్తూ దొరికింది. దానిపై ఏళ్ల తరబడి పనిచేసిన ఎల్విన్ రీస్ పేరిట 1977లో దానికి ట్రైకోడెర్మా రీసై అని పేరు పెట్టారు. గుడారాలను కాపాడుకోవడానికి మొదలైన పరిశోధనే చివరికి ఆ బూజు స్రవించే ఎంజైములను పెద్దఎత్తున తయారుచేసే పరిశ్రమకు దారితీసింది.

ఆ ఎంజైముల్లో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆకట్టుకున్నది సెల్7ఏ. బడిలో ఎంజైము గురించి తాళం, తాళంచెవి పోలికతో చెప్పి ముగిస్తాం. ఇక్కడ ఆ పోలిక పిల్లలను తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే ఇది ఒకసారి తెరిచి వదిలేసేది కాదు, పట్టిన గొలుసు వెంటే నడిచేది. బిగువుగా నేసిన బట్ట అంచున ఒక పోగు కొసను గోటితో లేపి, తెగకుండా మెల్లగా లాగడాన్ని గుర్తు తెచ్చుకోండి. ఇక్కడ బట్ట సెల్యులోజు, పోగు అందులోని ఒక గొలుసు. ఎంజైములో చిన్న భాగం ఒకటి బట్టను అంటిపెట్టుకుని ఉంటుంది. పెద్ద భాగంలో సుమారు 5 నానోమీటర్ల (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల్లో ఒక వంతు) పొడవైన సొరంగం ఉంటుంది. కొస దొరకగానే పోగు అందులోకి జారుతుంది, దాదాపు పది గ్లూకోజులు ఒకేసారి లోపల ఇముడుతాయి, అవతలి చివర రెండేసి గ్లూకోజుల ముక్క, అంటే సెల్లోబయోజు, తెగి పడుతుంది. రెండే ఎందుకన్నదానికి జవాబు గొలుసు నిర్మాణంలోనే ఉంది: ఒకటి విడిచి ఒకటి తలకిందులైన వరుసలో రెండు గ్లూకోజుల మేర జరిగితేనే తర్వాతి బంధం మళ్లీ అదే భంగిమలో కోతకు ఎదురవుతుంది.

2011లో జపాన్ శాస్త్రవేత్తలు అతివేగ పరమాణు బల సూక్ష్మదర్శినితో ఈ నడకను కళ్లారా చూశారు. వేగం సెకనుకు సుమారు 7 నానోమీటర్లు. ముక్క పొడవు దాదాపు ఒక నానోమీటరు కనుక, సెకనుకు ఏడు కోతలన్న మాట. ముందున్న ఎంజైము గట్టి చోట చిక్కుకుంటే వెనుకవి ఇరుకు సందులో ఎడ్లబండ్లలా వరుసగా ఆగిపోవడమూ వారికి కనిపించింది.

పోగు కొస దొరకని చోట గొలుసును మధ్యలో కోసి కొత్త కొసలు చూపే పని ఎండోగ్లూకనేజులది. తెగిపడిన సెల్లోబయోజు పేరుకుపోతే సొరంగపు చివర మూసుకుపోయి సెల్7ఏ నెమ్మదిస్తుంది కనుక, దాన్ని వెంటనే రెండు గ్లూకోజులుగా విడగొట్టే బీటా-గ్లూకోసిడేజు తప్పనిసరి. ఈ బూజు దాన్ని తక్కువగా స్రవిస్తుంది. అందుకే పరిశ్రమలో విడిగా కలుపుతారు.

ఇలా వచ్చిన గ్లూకోజును పులియబెడితే ఇథనాల్ అవుతుంది. హర్యానాలోని పానిపట్‌లో 2022 ఆగస్టులో ప్రారంభమైన ఇండియన్ ఆయిల్ కర్మాగారాన్ని ఏటా 2 లక్షల టన్నుల వరిగడ్డి నుంచి దాదాపు 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీసేలా రూపొందించారు. గడ్డి మాత్రం గుడారపు బట్టలా శుభ్రమైన సెల్యులోజు కాదు. మొక్కకు గట్టితనాన్నిచ్చే లిగ్నిన్ అనే పదార్థం దాన్ని కప్పి ఉంచుతుంది. వేడితో, ఆమ్లంతో ఆ కప్పును చెదరగొట్టినా లిగ్నిన్ పూర్తిగా పోదు. బట్టను అంటిపెట్టుకోవలసిన ఎంజైము భాగం మిగిలిన లిగ్నిన్‌ను అంటుకుని అక్కడే ఉండిపోతుంది కాబట్టి, ఆ నష్టాన్ని పూడ్చేందుకు మరింత ఎంజైము పోయవలసి వస్తుంది.