షెడ్డులోని కారు గురించి మీరడిగిన ప్రశ్నకు

నా మనవలిద్దరికీ అమ్మమ్మ ఆశీస్సులు.

పోయిన సెలవులకు వచ్చినప్పుడు మీరిద్దరూ షెడ్డులోకి వెళ్ళి కారు మీద కప్పిన గుడ్డ ఎత్తి చూశారు. బయటికి వచ్చి “అమ్మమ్మా, ఇది ఎప్పటికైనా నడుస్తుందా?” అని అడిగారు. ముందు చేతులు కడుక్కోండి అని నేను మాట మార్చాను. మీరు గమనించే ఉంటారు. ఆ ప్రశ్నకు జవాబు బాకీ పడ్డానని అప్పటినుంచీ మనసులో మెదులుతూనే ఉంది. ఒక్క మాటలో తేలేది కాదు కనుక ఉత్తరం రాస్తున్నాను.

అది 1959 నాటి మారిస్ మైనర్, రెండు తలుపుల కారు. మీరిద్దరూ పుట్టకముందే ఈ ఇంటికి వచ్చింది. నేను కొని పందొమ్మిదేళ్ళయింది. కొన్న రోజు సాయంత్రం నోటు పుస్తకం మొదటి పేజీలో “రెండేళ్ళు” అని రాసి, దాని కింద గట్టిగా గీత గీశాను. ఆ పేజీ ఇప్పటికీ ఉంది. చింపేయాలని చాలాసార్లు అనిపించింది, చింపలేదు.

ఎందుకు ఇంత ఆలస్యమైందో ముందు చెప్పాలి. తప్పు మొదటి ఆరు వారాల్లోనే జరిగింది. విప్పడం ఎంత హాయిగా ఉంటుందో విప్పినవాళ్ళకే తెలుసు. పూట పూటకూ ఫలితం కంటికి కనిపిస్తుంది. ఇవాళ బంపర్లు, రేపు సీట్లు, ఎల్లుండి డ్యాష్‌బోర్డు. కారు తేలికవుతుంటే పని ముందుకు పోతున్నదని నమ్మాను. ఆరు వారాలకు నలభై అట్టపెట్టెలు, నడుమ ఒక ఖాళీ డొల్ల మిగిలాయి. పెట్టెల మీద నేను రాసిన చీటీలు చూస్తే ఇప్పుడు బాధగా ఉంటుంది. ఒకదాని మీద “చిన్న బోల్టులు” అని ఉంది. ఏ బోల్టు ఎక్కడిదో నాకు ఎప్పటికీ గుర్తుంటుందన్న ధీమాతో అలా రాశాను. మూడేళ్ళ తరువాత ఆ పెట్టె తెరిస్తే అందులో రెండు వందల బోల్టులు ఉన్నాయి, ఒక్కటీ తన ఊసు చెప్పలేదు. కాబట్టి మీరు ఎప్పుడు ఏది విప్పినా, సైకిలైనా గడియారమైనా, విప్పే ముందు ఒక ఫొటో, విప్పాక ఒక ఫొటో తీయండి. ఏ భాగం బోల్టులు ఆ భాగంతోనే ఒక సంచిలో ఉంచి, అవి ఎక్కడివో పూర్తి వాక్యంలో రాయండి. అన్నిటికంటే ముఖ్యం, ఈ నెలలో మళ్ళీ బిగించగలిగినంతే విప్పండి.

తరువాత ఇంజన్. అది తుప్పుతో బిగుసుకుపోయి ఉంది. సిలిండర్లు కోయించి సరిచేయడానికి ఒక వర్క్‌షాపుకు ఇచ్చాను. పద్నాలుగు నెలల తరువాత తిరిగి వచ్చినప్పుడు ఇంజన్‌లో తిరిగే ప్రధాన ఇరుసును, అంటే క్రాంక్‌షాఫ్టును, పట్టి ఉంచే మూడు బేరింగ్ మూతల్లో ఒకటి లేదు. అరచేతిలో పట్టే ఇనుప ముక్కే కదా, ఇంకో ఇంజన్ నుంచి తెచ్చి పెట్టొచ్చు కదా అంటారేమో. ఆ మూతలను ఇంజన్ బ్లాకుకు బిగించి, అన్నిటినీ కలిపి ఒకే వరసలో గుండ్రంగా కోస్తారు. అందుకే ఒక ఇంజన్ మూత మరో ఇంజన్‌కు సరిగ్గా కూర్చోదు. వెంట్రుక మందం తేడా ఉన్నా క్రాంక్‌షాఫ్టు బిగుసుకుపోవచ్చు, లేదా కొద్ది రోజుల్లోనే బేరింగు అరిగిపోవచ్చు. మూతతో సహా పూర్తిగా ఉన్న మరో బ్లాకు దొరకడానికి మూడేళ్ళు పట్టింది.

ఆ మూడేళ్ళూ మిగతా కారు కుదురుగా నాకోసం ఎదురుచూస్తుందని అనుకున్నాను. ఇనుము ఎదురుచూడదు. ముందు మడ్‌గార్డు ఒకటి శుభ్రంగా గీకి, సాపు చేసి, బూడిదరంగు ప్రైమర్ పూసి పక్కన పెట్టాను. పని అయిన భాగం అదొక్కటే కాబట్టి షెడ్డులోకి వెళ్ళినప్పుడల్లా దాన్నే చూసుకుని మురిసిపోయేదాన్ని. రెండో వానాకాలం దాటాక దాని మీద చిన్న చిన్న పొక్కులు లేచాయి. గోటితో గీరితే కింద ఎర్రగా తుప్పు. మామూలు ప్రైమర్ తేమను ఆపదు, అది పైరంగు పట్టుకోవడానికి వేసే పూత మాత్రమే. గాలిలోని తేమ దానిలోనుంచి మెల్లగా ఇనుముదాకా దిగుతుంది. ఇనుము తుప్పుగా మారితే ముందుకంటే ఎక్కువ చోటు కావాలి, అందుకే పూత పొక్కులా ఉబ్బుతుంది. నలభై ఏళ్ళు పిల్లలకు ఈ పాఠమే చెప్పినదాన్ని, నా మడ్‌గార్డు దగ్గర మరిచిపోయాను. ఆ రోజు తలుపు మూసి వచ్చాక పదకొండు నెలలు షెడ్డులో అడుగు పెట్టలేదు.

ఆ పదకొండు నెలల గురించి మీకు నిజం చెప్పాలి. పని మానేసినప్పుడు విశ్రాంతిగా ఉంటుందని అనుకుంటాం. నాకు అలా లేదు. పెరట్లో బట్టలు ఆరేయడానికి వెళ్ళినా షెడ్డు వైపు చూడకుండా తల తిప్పుకునేదాన్ని. ఎవరైనా “కారు ఎంతవరకు వచ్చింది?” అంటే ఒళ్ళు మండేది. ఇష్టపడి తెచ్చుకున్న వస్తువు అప్పులవాడిలా గుమ్మంలో కూర్చుంది. మళ్ళీ ఉత్సాహం వచ్చిన రోజున మొదలుపెడదామని చూస్తూ కూర్చున్నాను. అది రాలేదు. ఎంతకాలం చూసినా వచ్చేది కాదని ఇప్పుడు తెలుసు.

వచ్చింది వేరే దారిలో. ఒక రోజు విరిగిన కుర్చీ బాగుచేయడానికి స్క్రూడ్రైవర్ కోసం షెడ్డులోకి వెళ్ళాను. పైనున్న పెట్టెలో ట్రాఫికేటర్ కనిపించింది. ఇప్పటి కార్లలా మలుపు దగ్గర మిణుకుమిణుకుమనే దీపాలు ఆ కారుకు లేవు, మైనర్‌కు అవి 1961లో వచ్చాయి. అంతకుముందు తలుపు వెనక స్తంభంలో, కుడి పక్క ఒకటి, ఎడమ పక్క ఒకటి, చిన్న చేతులు దాక్కుని ఉండేవి. స్విచ్చి వేస్తే లోపలి తీగచుట్ట అయస్కాంతంగా మారి ఒక ఇనుప కడ్డీని లాగుతుంది. దాంతో ఆ చెయ్యి పైకి లేచి, అడ్డంగా నిలబడి, నారింజ రంగులో వెలుగుతుంది. కుర్చీ సంగతి మరిచి దాన్ని వంటగది బల్ల మీదికి తెచ్చాను. కీలు దగ్గర పాత నూనె ఎండి బంకలా పట్టేసింది. బల్బుకు వెళ్ళే సన్నటి తీగ, చెయ్యి మడత పడే చోట తెగి ఉంది. కీలు కడిగి, తీగ మార్చి, పన్నెండు వోల్టుల బ్యాటరీకి తగిలించాను.

టక్కున చప్పుడు చేసి చెయ్యి లేచింది. దీపం వెలిగింది.

ఎంతసేపు అలా వేస్తూ తీస్తూ కూర్చున్నానో తెలియదు. కారులో ఒక భాగం పూర్తిగా, నిజంగా, పని చేస్తున్నది. ఆ రాత్రి పడుకునే ముందు రెండో ట్రాఫికేటర్ తెచ్చి అదే బల్ల మీద, అదే స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాను. ఆలోచించి చేసింది కాదు. మరునాడు కళ్ళు తెరిచేసరికి ఏం చేయాలో తెలిసి ఉంది.

ఆ తరువాత గమనించాను. నన్ను వెనక్కి తిప్పింది కష్టమైన పని కాదు, గుమ్మంలో నిలబడి “ఇప్పుడు ఏం చేయాలి?” అని వెతుక్కోవడం. నలభై పెట్టెల ముందు నిలబడి ఆ ప్రశ్న వేసుకుంటే ఎవరికైనా కాళ్ళు వెనక్కే పడతాయి. అందుకని ఇప్పుడు షెడ్డులో చివరి పది నిమిషాలు పని చేయను. రేపటి పనికి కావలసిన భాగం, దానికి సరిపడే స్పానర్, గరుకు కాగితం బల్ల మీద పేర్చి, ఒక చీటీ రాసి వస్తాను. “కారు బాగుచేయాలి” అని రాయకూడదు. “ఎడమ తలుపు తాళం కడిగి గ్రీజు పెట్టాలి” అని రాయాలి. ఒంట్లో ఓపిక లేని రోజున కూడా తాళం కడగగలను. కడిగిన తాళం చేతిలో ఉంటే ఇంకొంచెం చేయాలని అనిపిస్తుంది. కొన్ని రోజులు అనిపించదు, అప్పుడు తాళంతోనే ఆపేస్తాను.

ఆగిన పనులన్నీ ఒకలా ఆగవని కూడా అప్పుడే తెలిసింది. భాగం దొరకక ఆగినవి కొన్ని, డబ్బు లేక ఆగినవి కొన్ని, చేతకాక ఆగినవి కొన్ని. వీటికి మందు ఉంది: వెతకాలి, కూడబెట్టాలి, నేర్చుకోవాలి. నాలుగో రకం పైకి ఈ మూడింట్లో ఏదో ఒకదానిలా కనిపిస్తుంది, లోపల ఉన్నది భయం. తలుపుల కింద గడపలా నిడివిగా ఉండే రేకు పెట్టెలు రెండూ తుప్పుకు చిల్లులు పడ్డాయి. ఈ కారుకు విడిగా చాసిస్, అంటే బండిని మోసే అడుగు చట్రం, లేదు, ఆ రేకులే దాని ఎముకలు. వాటిని కోసేయాలి, కోస్తే బండి నడుము వంగిపోవచ్చు. నాలుగేళ్ళు వెల్డింగ్ యంత్రం బాగోలేదని చెబుతూ గడిపాను. యంత్రం బాగానే ఉంది.

ధైర్యం ఆ కారే ఇచ్చింది. ఈసారి వచ్చినప్పుడు బానెట్ మధ్యలో వేలు పెట్టి చూడండి. ముందు నుంచి వెనకకు ఒక బల్లపరుపు పట్టీ తగులుతుంది. ఆ కారు రూపకర్త అలెక్ ఇసిగోనిస్. 1948లో అది బజారుకు రావడానికి కొద్దికాలం ముందు, నమూనా బండి సిద్ధమయ్యాక, మరీ సన్నగా ఉందని ఆయనకు అనిపించింది. దాన్ని నిలువునా రెండుగా కోయించి, రెండు సగాలనూ చూపుకు నప్పేదాకా దూరం జరిపించాడు. ఆ ఎడం నాలుగు అంగుళాలు. బానెట్ మీది పట్టీ ఆ నాలుగు అంగుళాలే. బంపర్లు అప్పటికే తయారై ఉండడంతో వాటినీ మధ్యకు కోసి నడుమ ముక్క అతికారు. అలా కోతపడి పుట్టిన బండి బ్రిటన్‌లో పది లక్షలు దాటిన మొదటి కారు అయింది. చేసినవాడే కోయగలిగితే నేనెందుకు కోయకూడదు అనిపించింది. తలుపు ఖాళీల్లో ఇనుప గొట్టాలు అడ్డంగా వెల్డింగ్ చేసి, నడుము వంగకుండా బిగించి, ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క కోశాను. తలుపు తిరిగి పెట్టినప్పుడు చుట్టూ సందు సమానంగా వచ్చింది. అంత సంతోషం నా జీవితంలో చాలా కొద్దిసార్లే కలిగింది.

తుప్పు వదిలించే పని మీకు బాగా నచ్చుతుంది. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్ళు పోసి చాకలి సోడా కలపాలి. తుప్పు పట్టిన భాగాన్ని బ్యాటరీ చార్జర్ రుణధ్రువానికి, పనికిరాని ఇనుప పలకను ధనధ్రువానికి తగిలించి, ఒకదానికొకటి తగలకుండా ముంచాలి. భాగం చుట్టూ సన్నటి బుడగలు లేస్తాయి, కొన్ని గంటలకు తుప్పు వదులై మెత్తటి నల్లటి మడ్డిలా ఊడి వస్తుంది. ఆ బుడగలు హైడ్రోజన్, నిప్పు తగిలితే అంటుకుంటుంది. అందుకే ఆరుబయట చేయాలి, నేను పక్కన లేకుండా మీరు చేయకూడదు. పలకగా స్టెయిన్‌లెస్ స్టీలు అసలు వాడకూడదు, దానిలోని క్రోమియం నీళ్ళను విషం చేస్తుంది.

ఇంకొక మాట, ఇది పెద్దవాళ్ళు పిల్లలకు తక్కువగా చెప్పే మాట. మొదలుపెట్టిన ప్రతిదీ ముగించి తీరాలని నేననను. నాకు తెలిసిన ఒకరు తొమ్మిదేళ్ళు తంటాలు పడి తన పాత కారును ముక్కలతో సహా వేరొకరికి ఇచ్చేశారు. వాళ్ళు దాన్ని పూర్తి చేశారు, ఆయన చాలా ఏళ్ళ తరువాత హాయిగా నవ్వారు. నేనూ ఇచ్చేద్దామా అని రెండుసార్లు అనుకున్నాను. రెండుసార్లూ ఒకే ప్రశ్న వేసుకున్నాను: ఎవరైనా రేపే ఈ కారును కొత్తదానిలా తయారుచేసి వాకిట్లో పెడితే సంతోషిస్తానా? పెద్దగా సంతోషించనని తేలింది. నాకు కావలసింది ఆ బల్ల, ఆ తాళం, ఆ చీటీ. అలా తేలింది కాబట్టి ఉంచుకున్నాను. ఇంకోలా తేలి ఉంటే ఇచ్చేసేదాన్ని, సిగ్గుపడేదాన్ని కాదు.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. నడుస్తుంది. ఏ రోజున అని చెప్పను, ఒకసారి చెప్పి చూశాను. గడపలు, నేల రేకులు అయ్యాయి. బ్రేకులు అయ్యాయి. ఇంజన్ బిగించాను. మళ్ళీ తుప్పుతో పట్టేయకుండా నెలకొకసారి స్పార్క్ ప్లగ్గులు తీసి, సిలిండర్లలో కొద్దిగా నూనె వేసి, చేత్తో నాలుగు చుట్లు తిప్పుతున్నాను. మిగిలిన పెద్ద పని కరెంటు తీగలు. పాత తీగల మీది గుడ్డ అల్లిక మాసిపోయి రంగులు ఒకదానిలా ఒకటి కనిపిస్తున్నాయి. నాకు గోధుమరంగుకూ ఎరుపుకూ తేడా తెలియడం లేదు, మీ కళ్ళు కావాలి. వచ్చేలోగా ఇవి నేర్చుకుని రండి: గోధుమరంగు తీగలో బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు ఉంటుంది. తెల్లదానిలో తాళంచెవి తిప్పితేనే వస్తుంది. ఆకుపచ్చదానిలోకి ఫ్యూజు దాటి వస్తుంది. నలుపు బాడీకి కలుస్తుంది, ఈ కారులో బాడీకి కలిపేది బ్యాటరీ ధనధ్రువం, ఇప్పటి కార్లకు తిరగబడి ఉంటుంది.

బల్ల ఖాళీ చేశాను. కొత్త తీగల కట్ట, చీటీలు, రెండు పెన్సిళ్ళు పెట్టాను. మొదటి చీటీ రాసేశాను: “బ్యాటరీ నుంచి మొదలయ్యే గోధుమరంగు తీగను వెతకాలి.”

మీ అమ్మమ్మ